అలవాటు పడతాయిలే అనకండి

ఈమధ్య ఎవరితో మాట్లాడినా ఒకటే మాట. కృష్ణలో పారే నీళ్ళు తగ్గాయంటే, కొల్లేరు కుంచించుకుపోయిందంటే, దివిసీమ చివర బోర్లలో ఉప్పునీళ్ళు పడుతున్నాయంటే, "ఏముందండీ, అన్నీ అవే అలవాటు పడతాయి, మనం పడలేదా?" అంటారు. చదువుకున్నవాళ్ళే అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను బెజవాడలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చుట్టూ ఉన్న నేల, నీరు, వేడి మారినప్పుడు ప్రాణి ఏం చేస్తుందన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఉద్యోగమంతా గడిపాను. ఆ ప్రశ్నకు "అలవాటు పడుతుంది" అన్నది జవాబు కాదు, జవాబు వెతకడం ఇష్టంలేనివాళ్ళు చెప్పే సాకు.

పరిసరాలు మారితే ఏ జాతికైనా ఉన్నవి నాలుగు దారులు. ఉన్నచోటు వదిలి వెళ్ళిపోవడం ఒకటి. ఉన్నచోటే ఉండి, తన ఒంటినీ నడవడినీ సర్దుకోవడం రెండోది. తరాలు గడిచేకొద్దీ జాతే మారిపోవడం మూడోది. ఈ మూడూ కుదరకపోతే నశించడం. ఏ జాతి ఏ దారి పట్టింది, ఆ దారిన ఎంతవరకు పోగలదు, పోతూ ఏం పోగొట్టుకుంటోంది, ఇవి తేల్చడమే ఎకాలజీలో అసలు పని. మా రోజుల్లో ఆ పని కోసం బురదలో దిగేవాళ్ళం. ఇప్పుడు కుర్చీలోంచి లేవకుండా తేల్చేస్తున్నారు. నా గొడవంతా అదే.

మా రోజుల్లో బీఎస్సీ పిల్లల్ని ఫీల్డుకి తీసుకెళ్ళడమంటే తెల్లారగట్ల భీమవరం పాసింజరు ఎక్కడం, కైకలూరులో దిగడం, అక్కణ్ణించి కొల్లేటి లంకల్లోకి తాటి దోనెల మీద పోవడం. దోనెలో కదలకుండా కూర్చోవాలి. చేతిలో థర్మామీటరు, సంచిలో మూతలున్న గాజు సీసాలు. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో అక్కడికక్కడే చూసే వింక్లర్ పద్ధతి ఒకటుంది. సీసాని నీటిలో ముంచి, బుడగ కూడా మిగలకుండా నింపాలి. మాంగనీసు సల్ఫేటు కాస్త, క్షారం కలిపిన పొటాషియం అయొడైడు కాస్త వెయ్యాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగా ఉండిపోతుంది. కాలవ నోటి దగ్గర తీసిన సీసాలో గోధుమరంగు, గుర్రపుడెక్క కింద తీసిన సీసాలో తెలుపు. రెంటికీ మధ్య దూరం దోనె ఒక్క తోపు. కుర్రాళ్ళు ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళు. ఇక ఏ చేప ఎక్కడుంటుందో, ఎందుకుంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే మూడు నెలలు. అందులో నెల టైపింగుకీ బైండింగుకీ పోతుంది. మిగిలిన రెండు నెలల్లో ఎక్కడో ఎవరో సేకరించిన అంకెల్ని కంప్యూటర్లోకి దించుకుని గ్రాఫులు గీస్తారు. గ్రాఫులు బాగుంటాయి, కాదనను. కానీ ఆ గ్రాఫు గీసిన అమ్మాయి ముందు ఒక మార్పు చేపనీ ఒక ఇంగిలాయి చేపనీ పెట్టి ఏది ఏదో చెప్పమంటే తెల్లమొహం వేస్తుంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ పిల్లని ఒక్కసారైనా చెరువు గట్టుకి తీసుకెళ్ళని చదువుది.

సరే, అలవాటు పడటం గురించే మాట్లాడదాం. ఎవరు అలవాటు పడతారో చూద్దాం.

మాది పామర్రు వైపు పల్లె. సార్వాలో వరి దుబ్బు కట్టి చిరుపొట్ట దశకి వచ్చిందంటే రైతు గుండెలో సుడిదోమ భయం మొదలవుతుంది. మడిలో దిగి, దుబ్బుని కాస్త పక్కకి వంచి మొదట్లో రెండు దెబ్బలు తట్టండి. నీళ్ళ మీద గోధుమరంగు చుక్కలు రాలి, అటూ ఇటూ గెంతుతాయి. ఒక్కోటీ మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. భూతద్దం పెట్టి చూస్తే వాటిలో రెండు రకాలు కనిపిస్తాయి. కొన్నింటికి రెక్కలు ఒంటిని దాటి పొడుగ్గా ఉంటాయి. కొన్నింటికి నడుం దాకా వచ్చి ఆగిపోతాయి. రెండూ ఒకే జాతి, ఒకే తల్లి పిల్లలు కూడా కావచ్చు. దుబ్బు పచ్చగా, రసం పుష్కలంగా, చోటు విశాలంగా ఉన్నన్నాళ్ళూ పొట్టి రెక్కల ఆడవి ఎక్కువగా పుడతాయి. అవి ఎగరలేవు, ఎగరాల్సిన పనీ లేదు. ఉన్న బలమంతా గుడ్లు పెట్టడానికే పెడతాయి. దుబ్బు మీద జనం ఎక్కువై, మొక్క వాడిపోవడం మొదలుకాగానే ఎదుగుతున్న పిల్లలు పొడుగు రెక్కలతో తయారై వేరే పొలానికి ఎగిరిపోతాయి. పొలంలో గుండ్రంగా, కాల్చినట్టు ఎండిన మచ్చలు పడేసరికి ఆ పని చేసినవాటిలో చాలా మటుకు వెళ్ళిపోయి ఉంటాయి. పొట్టి రెక్కా పొడుగు రెక్కా అన్నది ఆ పురుగు ఒంట్లో ఇన్సులిన్ సంకేతాలను అందుకునే రెండు గ్రాహకాల మీద ఆధారపడుతుందని 2015లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. ఎంత గొప్ప పని! దానికి చేతులెత్తి దణ్ణం పెడతాను.

ఇక మందుల సంగతి. సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు లోపల, కణజాలంలో పెడుతుంది. పైపైన కొట్టిన మందు అక్కడికి చేరదు. చేరేది దోమని తినే సాలీళ్ళకీ, దాని గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులకీ. అవి చచ్చాక గుడ్లలోంచి వచ్చిన దోమకి అడ్డేముంది? మందు కొట్టిన పొలంలోనే దోమ పోటు ఎక్కువవడం ఆసియా అంతటా చూశారు. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులు వాడకూడదని ఆంక్ష పెట్టింది ఇందుకే. పైగా ఒక మందు ఏళ్ళ తరబడి కొడితే దానికి లొంగని దోమలే మిగిలి పిల్లల్ని కంటాయి. సుడిదోమకి ఒక తరం అంటే దాదాపు నెల. ఒక్క పంటకాలంలో మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ ఒకప్పుడు దాని మీద బ్రహ్మాస్త్రం. ఈ శతాబ్దం మొదటి పదేళ్ళు గడవకముందే చాలా దేశాల్లో దానికి పదును పోయింది.

చూశారా, నాలుగు మిల్లీమీటర్ల పురుగు. సర్దుకోవడం తెలుసు, వెళ్ళిపోవడం తెలుసు, తరాల్లో మారడమూ తెలుసు. అలవాటు పడతాయిలే అన్న మాట దీని విషయంలో అక్షరాలా నిజం. మన కాలవల్లో గుర్రపుడెక్క విషయంలోనూ నిజం. ఒక్క మొక్క పక్కకి కొమ్మలు వేస్తూ కొద్ది వారాల్లో రెట్టింపవుతుంది, మురుగు కలిసేకొద్దీ ఇంకా బలుస్తుంది. పొలంలో పందికొక్కు విషయంలోనూ నిజం. పంట పాలుపోసుకుని గింజ ముదిరే రోజులకి అది పిల్లలతో సిద్ధంగా ఉంటుంది. తరం చిన్నది, సంతానం ఎక్కువ, ఏదైనా తింటుంది, ఎక్కడైనా బతుకుతుంది. మారుతున్న లోకంలో తొందరగా అలవాటు పడేవి ఇవీ. మనం పొమ్మన్నా పోనివి ఇవే. మనం ఉండాలని కోరుకునేవాటి సంగతి వేరు.

దివిసీమ చివరికి పదండి. నాగాయలంక దాటి, సొర్లగొంది వైపు, కృష్ణ పాయలు సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. 1989లో కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. మా రోజుల్లో పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళేవాళ్ళం, మోకాలిలోతు బురదలో నడిపించేవాళ్ళం. మడచెట్టు ఆకు ఒకటి కోసి నాలిక మీద పెట్టుకోమనేవాణ్ణి. ఉప్పగా ఉంటుంది. ఎండ ముదిరాక అదే ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తూ కంటికే కనిపిస్తాయి. వేరు దగ్గరే చాలా ఉప్పుని లోపలికి రానివ్వదు. దాటి వచ్చినదాన్ని ఆకు మీది గ్రంథుల్లోంచి బయటికి నెట్టేస్తుంది. కింద బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్ళు నేలలోంచి పైకి పొడుచుకుని వచ్చి గాలి పీలుస్తాయి. ఉప్పు పొన్న ఇంకో పద్ధతి పట్టింది. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తయారయ్యాక కింద పడుతుంది. ఉప్పు బురదలో గింజ మొలకెత్తడం కష్టం కనక ఆ కష్టం లేకుండా తల్లే కాన్పు దాటించి పంపుతుంది. ఇవి ఒకరోజులో వచ్చిన విద్యలు కావు. లక్షల ఏళ్ళ మీద వచ్చినవి.

అంత తట్టుకునే చెట్టుకి ఇంకేం కష్టమంటారా? ఆ చెట్టుకి ఉప్పుతో పాటు మంచినీరూ కావాలి, వండ్రూ కావాలి. పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇంకా పైన కర్ణాటక, మహారాష్ట్రల్లో ఆనకట్టలు. వండ్రు అక్కడే దిగిపోతోంది. వరద రోజులు తీసేస్తే ప్రకాశం బరాజు దిగువకు పోయే నీరు ఎంత? వండ్రు రాని డెల్టా అంచుని అలలు కోసుకుంటూ పోతాయి. ఉప్పు మోతాదు మించితే మడచెట్టు వెంటనే చావదు. గిడసబారుతుంది. మనిషెత్తు కూడా పెరగదు. శాటిలైట్ బొమ్మలో అది పచ్చగానే కనిపిస్తుంది, రిపోర్టులో అడవి విస్తీర్ణంలోకి ఎక్కుతుంది. దగ్గరికి వెళ్ళి, చెట్టు ఎత్తు కొలిచి, కింద మొలకలు ఎన్నున్నాయో లెక్కపెట్టినవాడికే ఆ పచ్చదనం ఎంత నీరసమైనదో తెలుస్తుంది. సముద్రం ముందుకొస్తుంటే మడ అడవి తరతరానికీ కొంచెం కొంచెం లోపలికి జరగగలదు. అది దానికి తెలిసిన దారే. కానీ వెనక రొయ్యల చెరువుల గట్లు అడ్డంగా ఉంటే ఎక్కడికి జరుగుతుంది? దారి తెలిసిన ప్రాణికి దారి మూసింది మనం. మూసి, అలవాటు పడుతుందిలే అంటున్నాం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన తరం మాది. తీరంలో చెట్టు ఉండాలా వద్దా అన్నది మాకు పాఠ్యపుస్తకంలో ప్రశ్న కాదు.

ఆ తీరంలోనే చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో ఇసుకలో గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, వెళ్ళిపోతుంది తల్లి. ఆ గుడ్డులో ఉన్నది ఆడో మగో తల్లిదండ్రుల క్రోమోజోములు తేల్చవు, ఇసుక వేడి తేలుస్తుంది. సరీసృపాల్లో ఇలాంటిది ఉందని మొదట గమనించింది మాదలెన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. సెనెగల్ రాజధాని డాకర్‌లో ఒక తొండజాతి మీద పనిచేస్తూ 1966లో ప్రచురించింది. తాబేలు గుడ్డు పొదిగే కాలంలో నడిమి భాగమే కీలకం. అప్పుడు ఇసుక 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే ఆడా మగా కలిసి పుడతాయి. వేడి పెరిగితే అన్నీ ఆడవే. ఇంకా పెరిగితే పిండమే చచ్చిపోతుంది. ఈ తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదేళ్ళు పైన పడుతుంది. సుడిదోమకి నెలలో అయ్యే పని దీనికి పదేళ్ళకి పైగా పడితే, తరాల్లో మారడం అనే దారి దీనికి ఎంత ఇరుకో ఆలోచించండి.

ఒడ్డున గుడ్లు ఏరి, కంచెలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదలడం మంచి పని. పత్రికల్లో ఫొటోలు వస్తాయి, పిల్లలు చప్పట్లు కొడతారు, రావాల్సిందే, కొట్టాల్సిందే. కానీ గూడు లోతున ఇసుక ఎంత వేడిగా ఉందో రోజూ రాసుకోవాలి. ఏ నెలలో పెట్టిన గుడ్లు, నీడలో పొదిగాయా, ఎండలోనా, ఎన్ని పగిలాయి, ఎన్ని మురిగాయి, అన్నీ ఏటా ఒకే పద్ధతిలో రాయాలి. వదిలిన పిల్లల సంఖ్య ఒక్కటే రాస్తే అది వేడుక లెక్క అవుతుంది కానీ విజ్ఞానం కాదు.

ఇక కొల్లేరు. నా కడుపు మండేది ఇక్కడే. అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తే, ఉప్పుటేరు తీసుకెళ్ళి సముద్రంలో కలుపుతుంది. మా రోజుల్లో కొల్లేరంటే ఏడాదిలో ఒళ్ళు విప్పి ముడుచుకునే నీరు. వానాకాలంలో విస్తరించేది, ఎండాకాలంలో తగ్గి అంచుల్లో దాళ్వా వరికి చోటిచ్చేది. ఆ పెరగడం తరగడం మీదే చేపలు తమ కాలం దిద్దుకున్నాయి. తొలకరి వరద పడగానే లోతులేని కొత్తనీటికి ఎక్కి గుడ్లు పెట్టేవి. కొర్రమీను తన పిల్లల్ని వెంట తిప్పుకుంటుంటే ఎర్రటి గుంపు నీటిలో కదులుతూ కనిపించేది. డెబ్బైల నుంచి చేపల చెరువులు వచ్చాయి. గట్లు లేచాయి. నీరు పెరిగే చోటూ లేదు, తగ్గే కాలమూ లేదు. 2006లో గట్లు పేల్చారు, మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచినప్పుడు జనానికి కొల్లేరు గుర్తొచ్చింది. నీరు పోవాల్సిన చోటు ఇరుకైతే ఎక్కడ ఆగుతుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు చేప ఏం చేసింది? మురుగు నీటిలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు కొర్రమీను, మార్పు, ఇంగిలాయి పైకొచ్చి గాలి మింగుతాయి. కొర్రమీనుకి అసలు గాలే ఆధారం, నీటి కిందనే బిగబట్టి ఉంచితే మునిగి చస్తుంది. బొచ్చె, శీలావతి అలా చెయ్యలేవు. చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటినప్పుడు అవి తేలి నోళ్ళు తెరుస్తాయి, రైతు లేచి ఏరియేటర్లు వేసేదాకా. కొల్లేట్లో వల వేసినప్పుడు ఏ చేప ఎంత శాతం పడిందో ఏటా రాసుకుంటే చాలు, నీటి ఆరోగ్యం దానంతట అదే చదువుకోవచ్చు. గాలి మింగేవి పెరిగి, నీటి ఆక్సిజన్ మీదే బతికేవి తగ్గాయంటే సరస్సు ఎటు పోతోందో తెలిసిపోతుంది. వెదురు మావులు పెట్టి చేపలు పట్టే లంక గ్రామాల పెద్దలు ఈ లెక్క కాగితం లేకుండానే చెప్పేవాళ్ళు. నీటి రంగు చూసి, వాసన చూసి, రేపు చేప తేలుతుందనేవారు. తేలేది. మేం వాళ్ళ మాట రాసుకుని, తర్వాత సీసాలతో కొలిచేవాళ్ళం. 1803లోనే ప్యాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండువందల చేపల గురించి పుస్తకం వేస్తూ మన జాలరుల నోట విన్న తెలుగు పేర్లు రాసిపెట్టుకున్నాడు. సముద్రం దాటి వచ్చిన దొరకి తోచిన మర్యాద, మన రీసెర్చి స్కాలర్లకి ఎందుకు తోచదు?

ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం బస్సుల్లో వెళుతున్నారు. నాకూ సంతోషమే. అయితే ఆ పక్షి కథ తెలుసుకుని సంతోషించాలి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిశాస్త్రవేత్త పశ్చిమ గోదావరిలోని ఆరేడు దగ్గర వీటి పెద్ద గూళ్ళ స్థావరాన్ని కనిపెట్టి లోకానికి చెప్పాడు. డెబ్బైల నాటికి ఆ స్థావరం లేకుండా పోయింది. తర్వాత ఎంతో కాలానికి ఆటపాకలో గూళ్ళు కట్టాయి. గూళ్ళ బరువుకీ, రెట్టల ఘాటుకీ, నిలిచిన నీటికీ చెట్లు ఎండిపోతాయి కనక అటవీశాఖ వాళ్ళు ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. పక్షులు వాటిని ఒప్పుకున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో సర్కారు తుమ్మ మీద గూళ్ళు పెట్టుకున్నాయి. ఊరివాళ్ళు వాటిని కంటికి రెప్పలా కాచుకుంటున్నారు. గూడబాతు సర్దుకుంది, నిజమే. చెట్టు పోతే ఇనుము, సరస్సు పోతే చేపల చెరువు.

కానీ ఒకచోట పక్షులు పోగయ్యాయంటే జాతి వృద్ధి చెందినట్టేనా? నాలుగు చోట్ల నిలవ నీడలేక ఒక్కచోట చేరినా లెక్క పెద్దగానే కనిపిస్తుంది. ఎన్ని పక్షులు వచ్చాయన్నది ఒక ప్రశ్న. ఎన్ని గూళ్ళలో ఎన్ని పిల్లలు ఎగిరాయి, ఎంత దూరం పోయి మేత తెస్తున్నాయి, చెరువుల వాళ్ళు వలలు కప్పేస్తే ఏం తింటాయి, ఒక్క రోగం తగిలితే అన్నీ ఒకేచోట ఉన్నందుకు ఏమవుతుంది, ఇవి అసలు ప్రశ్నలు. పదివేలు వచ్చాయి, పన్నెండువేలు వచ్చాయి అని హెడ్డింగులు పెట్టేవాళ్ళు ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా అడగాలి.

ఇలా ఏళ్ళకేళ్ళు ఒకేచోట చూసి రాయడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళున్నారు. కాలిఫోర్నియాలో జోసెఫ్ గ్రిన్నెల్ అనే ఆయన గత శతాబ్దం మొదట్లో కొండలెక్కి, ఏ ఎలుక ఏ ఎత్తులో దొరికింది, ఏ ఉడుత ఎక్కడ కూసింది, అన్నీ నోటుపుస్తకాల్లో రాసిపెట్టాడు. దాదాపు వందేళ్ళ తర్వాత బర్కిలీ వాళ్ళు అవే పుస్తకాలు పట్టుకుని అవే చోట్లకి వెళ్ళారు. యోసెమిటీ కొండల్లో వాళ్ళు చూసిన 28 చిన్న క్షీరదాల జాతుల్లో సగం సగటున 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో ప్రకటించారు. మిగతావి జరగలేదు. ఎవరు జరిగారు, ఎవరు జరగలేదు అన్నది ఆ పాత పుస్తకాలే లేకపోతే ఎప్పటికీ తేలేది కాదు. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. రెండు నదుల నీళ్ళు కలిస్తే ఆ నీటిలోని ప్రాణులూ కలుస్తాయి. కలవకముందు ఏ చేప ఎక్కడుందో అంగుళం అంగుళం రాసిపెట్టుకోవాల్సిన సందర్భం అది. మన కాలేజీల్లో పాత ఫీల్డు రికార్డులు మాత్రం బీరువా ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా తూకానికి పోతున్నాయి. నా కళ్ళతో చూశాను. ఒక్క మనిషి అడ్డం పడలేదు.

వరిలోనూ ఇదే నీతి. మా నాన్నగారి రోజుల్లో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు పండేవి. ఏ పల్లానికి ఏ విత్తనమో రైతుకి తెలుసు. మా తరంలో మార్టేరు నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, డెల్టా అంతా పరుచుకుంది. బంగారం లాంటి వంగడమే, కానీ వారం దాటి పూర్తిగా ముంపులో ఉంటే తట్టుకోదు. నీట మునిగిన వరికి రెండే మార్గాలు. ఆకులు సాచి పైకి లేవడం, లేదా ఎదుగుదల ఆపి, ఉన్న పిండి పదార్థాన్ని దాచుకుని నీరు తగ్గేదాకా ఓపిక పట్టడం. ఒడిశాలోని ఒక పాత నాటు రకంలోంచి వచ్చిన ఎఫ్.ఆర్. 13ఏ రెండో మార్గం ఎరుగును. దానిలోని సబ్-1 జన్యువుని స్వర్ణలోకి తెచ్చాక 2009లో స్వర్ణ సబ్-1 విడుదలైంది. రెండు వారాల దాకా ముంపు ఓర్చుకుంటుంది. ఆ ఒడిశా రైతులు ఆ విత్తనాన్ని తరతరాలుగా వరద నేలలో నాటి నిలబెట్టకపోతే, తర్వాత దాన్ని ఎవరో భద్రపరచకపోతే, ప్రయోగశాలలో ఎంతటి మేధావులుండి ఏం లాభం? పాత విత్తనమూ పాత నోటుపుస్తకమూ పారేసేవాళ్ళు రేపటి జవాబులు పారేస్తున్నారు.

కొత్తవన్నీ చెడ్డవని నేననడం లేదు. మడ అడవుల్లో చేపలు పట్టే నీటిపిల్లి ఉందని మేం పాదముద్రలు, రెట్టలు చూసి ఊహించేవాళ్ళం. కెమెరా ట్రాపులు వచ్చాకనే అది రాత్రి ఎక్కడెక్కడ తిరుగుతోందో, చెరువు గట్ల మీదికి ఎలా వస్తోందో కంటికి కనిపించింది. పక్షులు చూసే కుర్రాళ్ళు తాము చూసినవన్నీ ఫోనులో నమోదు చేస్తుంటే ముచ్చటేస్తుంది. మా చేతుల్లో ఆ పరికరాలుంటే ఎంత చేసేవాళ్ళమో. పరికరం వచ్చింది, ఓపిక పోయింది. మూడు నెలల గ్రాంటు, ఆర్నెల్ల పేపరు, ఏడాదికి ప్రమోషను. పదేళ్ళకు తల్లయ్యే తాబేలు మన ప్రమోషను కోసం తొందరపడదు. దాని బతుకు ఎంత పొడుగో మన పరిశీలనా అంత పొడుగుండాలి.

అందుకే డెల్టాలో ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీనీ, ప్రతి విశ్వవిద్యాలయాన్నీ అడుగుతున్నాను. ఒక్కొక్కరూ ఒక్క చోటు ఎంచుకోండి. ఊరి చెరువో, బందరు కాలవ మీద ఒక లాకో, హంసలదీవి ఒడ్డున ఒక కిలోమీటరో, ఉప్పుటేరు మీద ఒక రేవో, ఏదైనా సరే. ప్రతి నెలా అదే రోజున, అదే చోట, అదే పద్ధతిలో నీటి వేడి, ఉప్పు, ఆక్సిజన్ కొలవండి. ఏ ప్రాణి కనిపించిందో, ఏది కనిపించలేదో తెలుగు పేరుతో, శాస్త్రీయ నామంతో రాయండి. వల వేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, ఆయన పేరు కూడా ఆ పేజీలో ఉండాలి. మాస్టారు రిటైరైతే ఆ పుస్తకం తర్వాత వచ్చే మాస్టారి చేతికి సంతకం పెట్టించుకుని అప్పగించాలి. జీతం రిజిస్టరు ఎంత జాగ్రత్తగా దాస్తారో దీన్నీ అంత జాగ్రత్తగా దాయాలి. దీనికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. థర్మామీటరు, నాలుగు సీసాలు, ఒక పుస్తకం, బురదలో దిగే కాళ్ళు చాలు. ఈ తొలకరికే మొదలుపెట్టండి. సీసాలు పట్టుకోవడం ఎలాగో నేర్పడానికి నాలాంటి ముసలాళ్ళం ఇంకా కొందరం ఉన్నాం, పిలిస్తే వస్తాం.